పిడి కిందికి... తూటా పైకి

వనపర్తి పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ ప్రాక్టికల్స్ చేసిన వాళ్ల ముందు ఈ యంత్రాన్ని పెడితే పెద్దగా ఆశ్చర్యపోరు. బల్ల అంచుకు రెండు మూడు బోల్టులతో బిగించిన లోహపు చట్రం. దాని మధ్యలో కింది నుంచి పైకి కదిలే ఉక్కు కడ్డీ. పక్కన పొడుగాటి పిడి, పిడి కొసన నల్లటి ఉండ. పిడిని కిందికి లాగితే కడ్డీ పైకి లేస్తుంది. అంతే. ఫ్లై ప్రెస్సు మీద వాషర్లు కొట్టిన చేతికి ఇదొక పిల్ల ప్రెస్సు.

కాకపోతే ఆ కడ్డీ నెత్తిన కూర్చునేది వాషర్ కాదు. ఒకసారి పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టం. పిడిని నాలుగైదు విడతలు లాగి వదిలేసరికి, నడుమ మందు కూడా పడితే, ఆ ఖాళీ గొట్టం మళ్లీ పేలడానికి తయారవుతుంది.

అమెరికాలో దీన్ని రీలోడింగ్ ప్రెస్ అంటారు. అక్కడ చాలామందికి ఇదొక సెలవునాటి వ్యాపకం. కొందరు పూలమొక్కలు పెంచుతారు, కొందరు పాత కార్లు బాగుచేసుకుంటారు, కొందరు గరాజ్‌లో కూర్చుని వాడేసిన తూటాలను మళ్లీ నింపుకుంటారు. అన్నిటికన్నా చవక ప్రెస్సు 50 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది, మన డబ్బుల్లో నాలుగు వేల పైచిలుకు. లైసెన్సు అడగరు, పేరు రాసుకోరు. అదే యంత్రం గద్వాలలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఎవరి షెడ్డులోనైనా దొరికితే కథ వేరు. మన ఆయుధ చట్టం ప్రకారం తూటాలు తయారుచేసే యంత్రం కూడా తూటా కిందే లెక్క.

పాలమూరు పాత జిల్లా నుంచి డల్లాస్, అట్లాంటా, న్యూజెర్సీ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు ఇప్పుడు ఏ మండలంలో అడిగినా తగులుతాయి. వాళ్లలో వారాంతం షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆ వీడియోలు ఇక్కడి కుర్రాళ్ల ఫోన్లలోకి వస్తున్నాయి. పిడి లాగడం, ఇత్తడి మెరవడం, వరసగా పేర్చిన తూటాలు... చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చట వెనకున్న పని ఏమిటి, అంత చవకగా ఎలా వస్తుంది, ఆ చవకలో ఏది దగా, చట్టం ఎక్కడ అడ్డం వస్తుంది అన్న సంగతులు మాత్రం ఆ ముప్పై సెకన్లలో పట్టవు.

పేలిన తర్వాత మిగిలేది

తూటా అని ఒక్కమాటలో అనేస్తాం గానీ అందులో ఉండేవి నాలుగు. ఇత్తడి గొట్టం. దాని అడుగున నడిమధ్యలో ప్రైమర్ అనే చిన్న మూత. లోపల మందు. మూతి దగ్గర బిగించిన బుల్లెట్. తుపాకీ మీట నొక్కితే సూది వెళ్లి ప్రైమర్‌ను కొడుతుంది, ప్రైమర్ నిప్పురవ్వ మందును అంటిస్తుంది, మందు పుట్టించిన వాయువు బుల్లెట్‌ను తోస్తుంది. ప్రైమర్ కాలిపోయింది, మందు కాలిపోయింది, బుల్లెట్ వెళ్లిపోయింది. చెక్కుచెదరకుండా మిగిలేది ఇత్తడి గొట్టం. నాలుగింట్లోనూ ఎక్కువ ఖరీదైనది సాధారణంగా అదే. రీలోడింగ్ లెక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఖరీదైన భాగాన్ని పారేయడం దేనికని.

గొట్టం మిగులుతుంది గానీ మునుపటి కొలతలో ఉండదు. పేలుడు ఒత్తిడికి ఉబ్బి తుపాకీ గది గోడలకు అతుక్కుంటుంది. కొద్దిగా సాగుతుంది కూడా. దాన్ని మళ్లీ కొలతకు తేవడానికే ప్రెస్సు. పైన చట్రంలో డై అనే ఉక్కు అచ్చును మరలతో బిగిస్తారు. కడ్డీ గొట్టాన్ని ఆ అచ్చులోకి తోస్తే చుట్టూ నొక్కుకుపోయి పాత కొలతకు వస్తుంది. అదే ఊపులో అచ్చు మధ్యనున్న సన్నటి సూది, కాలిపోయిన ప్రైమర్‌ను కిందికి నెట్టేస్తుంది. తర్వాత కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్. ఒక్కోదానికి ఒక్కో అచ్చు, ఒక్కో అదుము.

నునుపు పూయకుండా రైఫిల్ గొట్టాన్ని అచ్చులోకి తోస్తే ఏమవుతుందో కొత్తవాళ్లలో చాలామంది ఒక్కసారైనా చూస్తారు. గొట్టం లోపల పట్టేస్తుంది. పిడిని వెనక్కి గట్టిగా లాగితే గొట్టం అంచు చినిగి చేతికొస్తుంది, మిగతాది అచ్చులోనే ఉండిపోతుంది. ఆ రోజుకు పని అక్కడితో బంద్. నిటారుగా ఉండే పిస్టల్ గొట్టాలకు ఈ బాధ తక్కువ. వాటి అచ్చుల్లో కార్బైడ్ ఉంగరం వేస్తారు, నూనె అక్కర్లేకుండా జారుతుంది. సీసా మెడలా సన్నబడే రైఫిల్ గొట్టాలతోనే ఎప్పుడూ తకరారు. అవి పొడుగు సాగితే కత్తిరించాలి, పదేపదే వాడితే మెడ దగ్గర ఇత్తడి పెళుసెక్కి పగుళ్లిస్తుంది.

యాభై డాలర్లకు ఏమొస్తుంది

ప్రెస్సు ఎందుకు అంత చవక అంటే, అందులో దాచుకోవాల్సిన విద్య పెద్దగా లేదు. లీవరు, రెండు లింకులు, ఒక కడ్డీ. పిడి కిందికి వచ్చేకొద్దీ లింకులు నిటారుగా సర్దుకుంటాయి, బలం ఎక్కువ కావాల్సిన చివరి అంగుళంలోనే బలం అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది. కండబలం లేనివాడు కూడా కూర్చుని లాగొచ్చు. రెండోది, అచ్చుల మరలకు అందరూ ఒకే కొలత పాటిస్తారు. వ్యాసం ఎనిమిదింట ఏడు వంతుల అంగుళం, అంగుళానికి 14 మరలు. ఒక కంపెనీ అచ్చు ఇంకో కంపెనీ ప్రెస్సులో పడుతుంది. కొన్నవాడు ఒకే దుకాణానికి కట్టుబడి ఉండక్కర్లేదు కాబట్టి పోటీ ఉంటుంది, ధర దిగుతుంది.

చవకదానికీ ఖరీదైనదానికీ తేడా చట్రం ఆకారంలో కనిపిస్తుంది. చవకవి ముందువైపు తెరిచి ఉండే ఇంగ్లిష్ సీ అక్షరంలా ఉంటాయి, ఎక్కువగా అల్యూమినియం పోత. చేయి సులువుగా దూరుతుంది గానీ, పెద్ద రైఫిల్ గొట్టాన్ని నొక్కేటప్పుడు ఆ నోరు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. కంటికి కనపడదు, కొలతలో కనపడుతుంది. కొంచెం ఎక్కువ పెడితే ఇంగ్లిష్ ఓ అక్షరంలా మూసుకున్న పోత ఇనుప చట్రం వస్తుంది. అది వంగదు. 9 ఎంఎం లాంటి పిస్టల్ తూటాలకు మొదటిది చాలు. దానికి తాత కావాలని పట్టుబట్టేవాళ్లు డబ్బు ఎక్కువై అంటున్నారని నా అనుమానం.

ఈ రకాలు ఒక్కోసారికి ఒక్క పనే చేస్తాయి. గంటంతా కూర్చుంటే ఓ యాభై తూటాలు. తల తిరిగే టరెట్ రకాలు అంతకన్నా వేగం. పిడి లాగిన ప్రతిసారీ ఒక పూర్తయిన తూటా రాల్చే ప్రోగ్రెసివ్ యంత్రాలున్నాయి, అరిజోనాలోని డిల్లన్ కంపెనీవి వాటిలో పేరున్నవి. వందల డాలర్లు పోయాలి. పోటీల్లో కాల్చేవాళ్లు కొంటారు. కొత్తవాడికి నేర్పడానికి మాత్రం నెమ్మదిగా, ఒక్కొక్కటిగా చేయించే చవక యంత్రమే మంచి గురువు. ఐదు పనులు ఒకేసారి జరుగుతుంటే ఏది తప్పిందో తెలియదు.

చవక ప్రెస్సుకు ఇంటిపేరు లాంటిది లీ. రిచర్డ్ లీ 1958లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన కంపెనీ. లీ లోడర్ అన్న వాళ్ల పాత సరుకుకైతే ప్రెస్సే అక్కర్లేదు. చిన్న డబ్బాలో నాలుగు ఉక్కు ముక్కలు, ఒక గరిటె. మీ దగ్గర సుత్తి ఉంటే చాలు. గొట్టాన్ని సుత్తితో కొట్టి అచ్చులోకి దింపడం, సుత్తితోనే ప్రైమర్ ఎక్కించడం. అప్పుడప్పుడు ప్రైమర్ అక్కడికక్కడే టప్పుమంటుంది. గుండె గట్టిగా ఉన్నవాళ్ల పనిముట్టు.

ఇంకో పెద్ద పేరు ఆర్‌సీబీఎస్. రెండో ప్రపంచయుద్ధం నాడు సైన్యం లోహమంతా లాగేసుకుంటే వేటగాళ్లకు బుల్లెట్లు దొరకలేదు. కాలిఫోర్నియాలోని ఒరోవిల్లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో తండ్రి లాండ్రీ వెనక గదిలో కూర్చుని, వాడి పారేసిన పాయింట్ 22 గొట్టాలను బుల్లెట్ తొడుగులుగా మార్చే అచ్చు చేశాడు. రాక్ చక్ అనే జంతువును కొట్టడానికి పనికొచ్చే బుల్లెట్లవి. రాక్ చక్ బుల్లెట్ స్వేజ్ అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలే కంపెనీ పేరయ్యాయి. అంతకు చాలా ముందు, 1884లోనే జాన్ బార్లో పటకారు లాంటి చేతి పనిముట్టు అమ్మాడు. పట్నానికి దూరంగా ఉన్న వేటగాడు జేబులో వేసుకుని తిరిగేవాడు. ఆ ఐడియల్ కంపెనీ 1925లో లైమన్ చేతికి వెళ్లింది. తూటాల పెట్టె కోసం ఊరు దాటి వెళ్లాల్సిన రైతుకూ వేటగాడికీ అది అవసరంగా మొదలై, తర్వాతెప్పుడో సరదా అయింది.

అసలు ఇదంతా సాధ్యమైంది 1866లో వచ్చిన ప్రైమర్ల వల్ల. అమెరికా సైనికాధికారి హైరమ్ బెర్డాన్ ఒకటి, ఇంగ్లండ్ వూలిచ్ ఆయుధశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ ఇంకొకటి అదే ఏడాది పేటెంటు చేశారు. బాక్సర్ రకం గొట్టానికి అడుగున నడిమధ్య ఒకే రంధ్రం, సూది నేరుగా దిగి పాత ప్రైమర్‌ను నెట్టేస్తుంది. బెర్డాన్ రకానికి రెండు చిన్న రంధ్రాలు పక్కలకుంటాయి, సూదికి దారి లేదు. తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్‌వాడి బాక్సర్ ప్రైమర్ అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడి బెర్డాన్ యూరప్‌లో పాతుకుపోయింది. అమెరికాలో రీలోడింగ్ ఇంటింటి పని కావడానికి ఆ ఒక్క రంధ్రం కారణం.

గురిగింజలో సగం

ప్రెస్సు మీద పొదుపు చేయొచ్చు. త్రాసు మీద చేయకూడదు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలిచిన మాట ఇదొక్కటే.

మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఒక్క గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు, మన కంసాలి త్రాసులో వేసే గురిగింజలో దాదాపు సగం. చిన్న పిస్టల్ తూటాలో పట్టే మందు మొత్తం గ్రాములో మూడో వంతుకు అటూఇటూ. అందులో గురిగింజ ఎత్తు తేడా వస్తే ఎంత భారమో ఆలోచించండి. బంగారంలో అంత తేడా వస్తే డబ్బు పోతుంది. ఇక్కడ వేళ్లు పోతాయి.

ఇంకా ప్రమాదం, పిస్టల్ గొట్టాల్లో ఖాళీ ఎక్కువ. ఒకసారి మందు పోసి, ఫోను మోగితే మాట్లాడి వచ్చి, మళ్లీ పోస్తే రెండోసారి కూడా పట్టేస్తుంది, పొర్లదు. దాన్ని డబుల్ చార్జ్ అంటారు. తుపాకీ చేతిలోనే పగలొచ్చు. దీనికి తిరగేసింది ఇంకో రకం. మందు పోయడం మరిచిపోతే ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను తుపాకీ గొట్టం మధ్యదాకా తోసి వదిలేస్తుంది. చప్పుడు తేడాగా వచ్చిందని ఆగినవాడు బతికాడు. పట్టించుకోకుండా రెండోది కాల్చినవాడి తుపాకీ చీలుతుంది. అందుకే అనుభవజ్ఞులు యాభై గొట్టాలనూ చెక్క పలక గుంటల్లో వరసగా నిలబెట్టి, అన్నిట్లో మందు పోశాక టార్చిలైటు వేసి ఒక్కొక్కదాని మూతిలోకి చూస్తారు. మట్టం ఒకేలా ఉందా అని. బుల్లెట్ ఎక్కించడం ఆ తర్వాతే. ఎంత మందు ఏ బుల్లెట్‌కో లైమన్, హోర్నడీ లాంటి కంపెనీలు అచ్చేసే పుస్తకాల్లో ఉంటుంది. ఎవరో వీడియోలో చెప్పిన కొలతకు కట్టుబడటం తన చావుకు తాను సంతకం పెట్టడమే.

సీసం మరో సంగతి. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఖాళీ గొట్టాలను తొక్కు పొడిలో వేసి గిరగిర తిప్పి శుభ్రం చేసేటప్పుడు ఆ ధూళి గాలిలోకి లేస్తుంది. ఆ బల్ల దగ్గర టీ గ్లాసు పెట్టకూడదు, చేతులు కడగకుండా పిల్లల్ని ఎత్తుకోకూడదు. అమెరికా అగ్నిమాపక నిబంధనల్లో ఇంట్లో ఉంచుకునే పొగరాని మందుకూ హద్దుంది. మామూలుగా 20 పౌన్లు, అదీ కంపెనీ ఇచ్చిన డబ్బాలోనే.

ఇంతా చేసి మిగిలేదెంత అంటే, మామూలు పిస్టల్ తూటాలకు పెద్దగా కాదు. అరుదైన రకాలకూ పెద్ద రైఫిల్ తూటాలకూ బాగానే కలిసొస్తుంది. మిగిలిన డబ్బుతో ఇంకో నాలుగు ఎక్కువ కాలుస్తారు కాబట్టి నెలాఖరుకు ఖర్చు అంతే తేలుతుందని రీలోడర్లు తమ మీద తామే వేసుకునే జోకు. 2020లో కోవిడ్ వచ్చి అమెరికాలో తుపాకుల కొనుగోళ్లు ఎగబాకాక ఆ జోకూ చెల్లలేదు. ప్రైమర్లు దొరకలేదు. అంతకు ముందు వెయ్యి ప్రైమర్ల పెట్టె 30-35 డాలర్లుండేది, మూడింతలైంది. అదే ఏడాది జులైలో రెమింగ్టన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. చవక ప్రెస్సులు గరాజ్‌ల్లో దుమ్ము పట్టాయి. ఇత్తడిని ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చు, పిడి ఎన్నిసార్లయినా లాగొచ్చు, అడుగున పెట్టే ఆ చిన్న మూతను మాత్రం ఇంట్లో చేసుకోలేరు. ఎవరి చేతిలో యంత్రం ఉన్నా తాళం ప్రైమర్ కంపెనీ దగ్గరే ఉందని ఆ కొరత కాలంలో అందరికీ అర్థమైంది.

నల్లమల అంచున నాటు తుపాకీ

తూటాను చేత్తో తయారుచేసుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ ఉన్నన్నాళ్లూ ప్రతి కాల్పూ చేతి తయారీయే. వనపర్తి సంస్థానాధీశుడు మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సిద్దీలతో అశ్వికదళాన్ని పెంచిన నాటికి సైనికుడి సంచిలో ఉండేది ఇత్తడి గొట్టం కాదు, కాగితం పొట్లం. ఇంగ్లిష్‌వాళ్ల సైన్యంలోని మన సిపాయిలు పంటితో కొరకాల్సి వచ్చి 1857లో తిరగబడింది అలాంటి పొట్లాల మీదే. రాజు 1866లో కన్నుమూశాక ఆ దళం నిజాం చేతికి వెళ్లింది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ పేటలో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, ఎయిర్ కండిషనర్ కాదు. బాక్సర్, బెర్డాన్ ప్రైమర్లు పేటెంటయింది కూడా సరిగ్గా ఆ ఏడే. యుద్ధం చేసే పద్ధతి మారిపోతున్న కాలంలో వనపర్తి తన దళాన్ని అప్పజెప్పింది.

అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులతో గడిపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో అచ్చు వేసిన పుస్తకం నాటికి వాళ్ల వేటకు ప్రధాన ఆధారం విల్లంబులే. అడవి అంచు ఊళ్లలో మాత్రం మూతి నుంచి మందు కూరే నాటు తుపాకీ పంట కాపలాకు వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం నాటి జ్ఞాపకాల్లో బర్మారు అన్న పేరుతో తగిలేదీ ఆ జాతే. ఇవాళ అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కల నాటు తుపాకీ దొరికితే ఆయుధ చట్టానికి తోడు వన్యప్రాణి చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది. అడవిపందులు వేరుశనగనూ మొక్కజొన్ననూ దున్నేసే బాధ నిజం. 2021లో రాష్ట్ర ప్రభుత్వం అందుకు సర్పంచులకు అధికారమిచ్చి, జాబితాలో ఉన్న షూటర్లను పిలిపించే దారి చూపింది. రైతు తనంతట తాను మందు కూరుకోవడానికి మాత్రం దారి లేదు.

చట్టంలో యంత్రమూ తూటాయే

1959 ఆయుధ చట్టం రెండో సెక్షన్‌లో తూటా, మందుగుండు అంటే ఏమిటో పెద్ద జాబితా ఉంది. రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లు అంటూ వెళ్లి, చివరికొచ్చేసరికి మందుగుండు విడిభాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ అని కలుపుకుంటుంది. బల్లకు బిగించే 50 డాలర్ల ప్రెస్సు అచ్చంగా ఆ వాక్యంలో పడుతుంది. ఐదో సెక్షన్ ప్రకారం తయారీకి ప్రత్యేక లైసెన్సు కావాలి. ఇంట్లో తుపాకీ పెట్టుకోవడానికి కలెక్టరో కమిషనరో ఇచ్చే లైసెన్సు దానికి పనికిరాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. సరదాగా చేశానన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా చెల్లదు.

అమెరికా చట్టంతో పక్కపక్కన పెడితే తిరకాసు బయటపడుతుంది. అక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. ప్రెస్సు వట్టి ఇనుము. కానీ గొట్టం, ప్రైమర్, మందు, బుల్లెట్ విడివిడిగానే మందుగుండు. అంటే రేంజ్ నేల మీద ఏరుకున్న ఖాళీ ఇత్తడి ముక్క అక్కడి చట్టంలో తూటాయే. ఇది మనవాళ్లకు ఎందుకు ముఖ్యమంటే, హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ప్రధానమైన మినహాయింపు, ఆ రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు. అది లేకుండా దొరికితే 2022 సవరణ తర్వాత 15 ఏళ్ల వరకు శిక్ష, ఆపైన దేశం నుంచి పంపేయడం. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. స్నేహితుడి గరాజ్‌లో సాయంగా ఖాళీ గొట్టాలు మూటకట్టి ఇంటికి తెచ్చుకునే కుర్రాడికి ఇదంతా ఎవరూ చెప్పరు. వేట లైసెన్సుంటే చాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. లైసెన్సు తుపాకీ పట్టుకునే హక్కిస్తుంది, పట్టుకోవడం నేర్పదు.

మన షూటర్లకు ఈ ప్రెస్సు ఉంటే మేలేనా అని అడిగితే, నిజానికి చాలామందికి అక్కరే లేదు. గగన్ నారంగ్ లండన్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. గాలితో తోసే సీసపు గుండుకు ప్రైమర్ ఉండదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈషా సింగ్ నాలుగు పతకాల్లో రెండు ఎయిర్ పిస్టల్‌వి, రెండు 25 మీటర్ల పిస్టల్‌వి. ఆ 25 మీటర్ల పోటీలో వాడేది పాయింట్ 22 తూటా. దాంట్లో పేలే మసాలా గొట్టం అంచు మడతలోపల ఉంటుంది, సూది ఆ అంచును నలిపేస్తుంది. మార్చడానికి వేరే ప్రైమరే లేదు, గొట్టం ఒక్కసారికే. మిగిలింది అదే క్రీడల్లో టీమ్ బంగారం, వ్యక్తిగత కాంస్యం సాధించిన హైదరాబాద్ వాసి కైనాన్ చెనాయ్ లాంటి ట్రాప్ షూటర్లు. వాళ్ల 12 బోరు తూటాను సిద్ధాంతరీత్యా మళ్లీ నింపొచ్చు. కానీ పోటీలో 24 గ్రాముల రవ్వ నియమం, ప్రతి తూటా ఒకేలా ఉండాలన్న పట్టు. అక్కడికి వెళ్లేవాళ్లు కంపెనీ సరుకే వాడతారు.

వాళ్ల అసలు ఇబ్బంది మందు తూచడం కాదు, తగినన్ని తూటాలు దొరకకపోవడం. అందుకే 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ షూటర్ల వార్షిక కోటాను పెంచింది. పాయింట్ 22కు 1,000 నుంచి 5,000కు, మిగతా పిస్టళ్లు రివాల్వర్లకు 600 నుంచి 2,000కు, షాట్‌గన్‌కు 500 నుంచి 5,000కు. మంచి పనే. రిజిస్టరు రాసే రైఫిల్ క్లబ్బుల్లో, శిక్షణ పొందిన మనిషి కింద, పెద్ద రైఫిల్ పోటీల వాళ్లకు రీలోడింగ్‌కు ఓ దారి పెట్టినా తప్పులేదని నా అభిప్రాయం. ఇళ్లలో మాత్రం వద్దు. వైర్లు లాగి కరెంటు పెట్టి పందుల్ని చంపబోయి మనుషుల్ని చంపుకుంటున్న చోట, మందు డబ్బా కూడా ఇంట్లోకి వస్తే లెక్క చూసేదెవరు?

సూట్‌కేసులో పెట్టే ముందు

ఇక పండక్కి వచ్చే వాళ్లకో మాట. ప్రెస్సునో అచ్చులనో బట్టల మధ్య చుట్టి తెద్దామనుకుంటే, పదో సెక్షన్ కింద మందుగుండు దిగుమతికి లైసెన్సు కావాలి. యంత్రం కూడా మందుగుండే అని పైన చూశాం. ప్రైమర్లూ మందూ విమానంలో ఎక్కించడం అసలే కుదరదు. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ప్రయాణానికి సర్దుకునే అలవాటు ఇంకా చెడ్డది. పక్క జేబులో ఒక్క తూటా ఉండిపోయినా స్కానర్ పట్టేస్తుంది. విమానాశ్రయాల్లో ఇలాంటి కేసులు తరచూ నమోదవుతున్నాయి. తెలిసి దగ్గర పెట్టుకున్నప్పుడే నేరమని 1972లో గుణ్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని పట్టుకుని చాలామంది తర్వాత బయటపడ్డారు. ఆ తర్వాత అన్నది నెలలు కావొచ్చు, ఏళ్లు కావొచ్చు. పాస్‌పోర్టు అంతదాకా కోర్టు దగ్గరుంటే ఉద్యోగం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పాత ఇళ్ల సంగతి ఇంకో రకం. తాతల కాలపు లైసెన్సు తుపాకీ, దాంతోపాటు 12 బోరు అట్ట తూటాల మూతి మడవడానికి బల్ల అంచుకు బిగించి పిడి తిప్పే చిన్న ఇనుప పనిముట్టు, తుప్పు పట్టిన ప్రైమర్ల డబ్బా, అటక మీద బయటపడటం అసాధ్యమేం కాదు. షికారుకు వెళ్లే దొరలు అలాంటివి ఇంగ్లండ్ నుంచి తెప్పించుకునేవాళ్లు. లైసెన్సుదారు చనిపోయాక అవి వారసుల దగ్గర ఉండటం చట్టబద్ధం కాదు. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత వారసులు తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత ప్రైమర్ల డబ్బాను మాత్రం చేత్తో కదపకండి, ఊపి చూడకండి. స్టేషన్‌కు ఫోన్ చేసి వాళ్లనే రమ్మనండి.